ఎలీఫజు అండ్ కంపెనీ, మా ఊరి బ్రాంచి

తెలుగునాట కౌన్సెలింగ్ అనే మాటకు మొన్నమొన్నటిదాకా రెండే అర్థాలు. ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని సీటు కోసం వెళ్లేది ఒకటి. రౌడీషీటర్లను ఆదివారం పూట స్టేషన్‌కు పిలిపించి ఎస్సైగారు ఇచ్చేది రెండోది. మొదటిదాంట్లో సీటు దొరుకుతుంది. రెండోదాంట్లో సీటుండదు, నిలబడే వినాలి. ఈ రెండింటినీ కలిపి, పైన కాస్త బైబిలు వాక్యం చల్లి చర్చి సంఘానికి అందించే మూడో కౌన్సెలింగ్‌లో నేనీమధ్యే పట్టభద్రుణ్ణయ్యాను.

రెండు రోజుల శిక్షణ. మధ్యాహ్నం భోజనం వాళ్లదే. చివర్లో లామినేషన్ చేసిన సర్టిఫికెట్టు చేతికిచ్చారు. అందులో నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. లేఖనము తప్పు దిద్దుటకు ప్రయోజనకరమని అపొస్తలుడైన పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఉంది గానీ, లామినేషన్ అయిపోయాక పౌలు గారు మాత్రం ఏం చేస్తారు?

ఇంతకీ వాక్యానుసార కౌన్సెలింగ్ అంటే ఏమిటో, దానికి వేదాంతపరమైన పునాది ఏమిటో సర్టిఫికెట్టు లేనివాళ్లకు చెప్పడం నా బాధ్యత. పునాది పైన చెప్పిన వచనమే. దైవావేశము వలన కలిగిన ప్రతి లేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్ష చేయుటకును పనికొస్తుంది. మొత్తం నాలుగు పనులు. మా బ్రాంచిలో ఖండించడం దగ్గర ఎక్కువ స్టాకు ఉంది.

ఈ పద్ధతికి అమెరికాలో ఊపు తెచ్చినాయన జే ఆడమ్స్. ఫిలడెల్ఫియాలోని వెస్ట్‌మినిస్టర్ సెమినరీలో పాఠాలు చెప్పిన ప్రెస్బిటేరియన్ పాస్టరు. మనసు చెదిరిన ప్రతి విశ్వాసినీ ఫ్రాయిడ్ శిష్యుల సోఫా మీదికి పంపేసి పాస్టర్లు చేతులు దులుపుకోవడమేమిటని 1970లో ఒక పుస్తకం రాసి గట్టిగా అడిగాడు. ఒకరికొకరు బుద్ధి చెప్ప సమర్థులై యున్నారని రోమా సంఘానికి పౌలు రాయలేదా అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. క్రైస్తవ మనస్తత్వవేత్త లారీ క్రాబ్ లాంటివాళ్లు మధ్యేమార్గం పట్టారు. ఐగుప్తు విడిచి వచ్చేటప్పుడు ఇశ్రాయేలీయులు అక్కడి వెండి బంగారాలు తెచ్చుకున్నట్టు, మనస్తత్వశాస్త్రంలో మేలైనది మనమూ తెచ్చుకుని వాడుకోవచ్చన్నారు. ఆ బంగారంతోనే కదా అహరోను దూడను పోశాడని ఎదుటివాళ్లు అడగొచ్చు, అదే జనం దగ్గరి బంగారం ప్రత్యక్షపు గుడారానికీ పనికొచ్చిందని వీళ్లు చెప్పొచ్చు. ఈ వాదన యాభై ఏళ్లుగా నడుస్తోంది. మా శిక్షణలో దీనికి పది నిమిషాలు కేటాయించారు, అందులోనే టీ కూడా.

ఆడమ్స్ ఎత్తిన ఆ 'బుద్ధి చెప్పడం' అనే మాటకు గ్రీకులో నౌథెటియో అంటారు. విషయాన్ని మనసులో పెట్టడమని దాని భావం. తెలుగు బైబిల్లో 'బుద్ధి చెప్పు' అని పడింది. అనువాదం సరిగ్గానే ఉంది. చిక్కల్లా తెలుగుతోనే. "వాడికి బుద్ధి చెప్తానుండు" అని మన వీధిలో ఎవరైనా అంటే, పక్కనున్నవాళ్లు ముందు చేతిలో కర్ర ఉందేమో చూస్తారు. మేం ఆ మాటను గ్రీకులో చదివి తెలుగులో ఆచరిస్తున్నాం.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయం 14వ వచనం మాకు కొంచెం ఇబ్బందికరం. అక్రమంగా నడుచుకునేవారికి బుద్ధి చెప్పుడి, ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊతనియ్యుడి అని మూడు రకాల మనుషులకు మూడు రకాల వైద్యం రాశాడు పౌలు. పైగా అందరి యెడల దీర్ఘశాంతం అట. అంటే ఎదుట కూర్చున్నవాడు ఈ ముగ్గురిలో ఎవడో తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే వాడు చెప్పేది వినాలి. వినాలంటే టైము పడుతుంది. అందుకని మా పెద్దలు ప్రజల సౌకర్యార్థం మూడు జబ్బులకూ మొదటి మందునే ఖాయం చేశారు. మా ఊరి ఆర్‌ఎంపీ గారిదీ ఇదే విధానం. జ్వరమైనా నడుం నొప్పైనా ఒకటే సూది, చెయ్యి మాత్రం మారుస్తాడు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. యెషయా గ్రంథంలో రాబోయే కుమారుడికి ఆలోచనకర్త అని పేరు. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు ఆదరణకర్త అని పేరు. అంటే ఈ ఆఫీసులో పెద్ద కుర్చీలు రెండూ ఎప్పుడో నిండిపోయాయి, మనకు మిగిలింది స్టూలే. ఆదరణకర్త అన్నచోట గ్రీకు మాటకు పక్కకు పిలవబడినవాడు అని అర్థం. బాధపడేవాడు పిలిస్తే వెళ్లి పక్కన నిలబడేవాడన్నమాట. మేం దీన్ని కొద్దిగా సవరించాం. బాధపడేవాణ్ణే పక్కకు పిలుస్తాం.

ఇక మా మూలపురుషులు, బైబిల్లో యోబును ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు. తేమానీయుడైన ఎలీఫజు, షూహీయుడైన బిల్దదు, నయమాతీయుడైన జోఫరు. యోబుకు ఆస్తి పోయింది, పదిమంది పిల్లలు ఒకే ఇంటి కింద పడి చనిపోయారు, అరికాలి నుంచి నడినెత్తి దాకా కురుపులు. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్నాడు. నిరపరాధి ఎవడైనా ఎప్పుడైనా నశించాడా, జ్ఞాపకం చేసుకో అన్నారు ఎలీఫజు గారు. బిల్దదు గారు మరీ సూటి మనిషి: నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, ఫలితం అనుభవించారు. జోఫరు గారైతే, నీ దోషానికి పడాల్సినదానికంటే దేవుడు తక్కువే వేశాడయ్యా అని ఓదార్చారు. పెద్దలు అలిసిపోయాక ఎలీహు అనే కుర్రాడు లేచి, కోపం ఆపుకోలేక ఆరు అధ్యాయాలు మాట్లాడాడు. మా యూత్ లీడరుకు ఆదర్శం ఆయనే.

గ్రంథం చివర్లో ఒక అపశ్రుతి ఉంది. దేవుడు ఎలీఫజును పిలిచి, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నా కోపం మండుతోంది, ఏడు ఎడ్లూ ఏడు పొట్టేళ్లూ తీసుకుని యోబు దగ్గరకు వెళ్లండి, అతను మీకోసం ప్రార్థన చేస్తే వింటానన్నాడు. పేషెంటుకే దణ్ణం పెట్టి, ఫీజు ఎదురు కట్టి బయటపడిన కౌన్సెలర్లు నాకు తెలిసి వీళ్లే. ఈ 42వ అధ్యాయం మా సిలబస్‌లో లేదు. రెండో అధ్యాయం చివరి వచనం కూడా లేదు. ఆ ముగ్గురూ నోరు తెరవకముందు యోబుతో కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలకకుండా నేలమీద కూర్చున్నారని అక్కడుంది. వాళ్లు చేసిన సేవలో వంకపెట్టలేని భాగం అదొక్కటే. రెండు రోజుల శిక్షణలో ఏడు రోజుల పాఠం ఎలా ఇరికిస్తారు?

నా మొదటి కేసు సంగతి చెప్తాను. చర్చి వెనక గది. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీల దొంతర, ఇంకో మూల క్రిస్మస్ స్టారు, మడతలమధ్య నిరుటి దుమ్ము. వచ్చినతను రొయ్యల చెరువు లీజుకు చేసే తమ్ముడు. వైట్ స్పాట్ తెగులు తగిలి వరసగా రెండు పంటలు పోయాయి. మేత డీలరుకు బాకీ, లీజు బాకీ, చేబదుళ్లు. నాలుగు నెలలుగా నిద్ర పట్టట్లేదన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందునని సామెతల గ్రంథంలో ఉందని నాకు తెలుసు. అందుకే మూడు నిమిషాలు పూర్తిగా విన్నాను. విని, ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం తీసి, దేనినిగూర్చియు చింతపడకుడి అని చదివి వినిపించాను.

అతను తల ఊపాడు. "అన్నయ్యా, ఆ వచనం మా ఇంట్లో గోడగడియారం మీదే ఉందండి. మా ఆవిడ స్త్రీల కూడికలో కొంది. రాత్రి రెండింటికి నేను చూస్తూ కూర్చునేది దాన్నేనండి" అన్నాడు.

ఇలాంటి మొండి కేసులకు డోసు పెంచాలని మాకు నేర్పారు. సమస్తమూ సమకూడి మేలుకే జరుగుతుందనే రోమా ఎనిమిది ఇరవై ఎనిమిది కూడా వేసి పంపించాను.

ఆ సాయంత్రం బాధ్యతగా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "చెరువు చేసుకునే ఒక సహోదరుని కోసం ప్రార్థించగలరు. పేరు చెప్పడం లేదు. వరసగా రెండు పంటలు పోయాయి, అప్పుల ఒత్తిడి, నిద్ర లేదు." గుట్టు బయటపెట్టువాడు కొండెగాడని సామెతలే అంటున్నాయి గానీ, పైన 'ప్రార్థన అంశం' అని రాస్తే అది కొండెం కిందికి రాదని మా అందరి నమ్మకం. పది నిమిషాల్లో నలభై జతల చేతులు జోడించబడ్డాయి. చేబదులిచ్చినాయన కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఆయనా చేతులు జోడించాడు. మర్నాడు తెల్లారకముందే చెరువు గట్టు మీదున్నాడు.

కుటుంబ విభాగం గురించి ఎక్కువ చెప్పను. మొగుడు కొడుతున్నాడని ఒక సిస్టరు వస్తే ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం 22వ వచనం, భర్తకు లోబడి ఉండమన్నది, మా వాళ్లకు పుస్తకం చూడకుండా వచ్చు. భర్త భార్యను క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు, తన్ను తాను అప్పగించుకునేంతగా ప్రేమించాలనే 25వ వచనం దగ్గరికి వచ్చేసరికి మాకు కళ్లజోడు దొరకదు. 2005లో గృహహింస చట్టమొకటి వచ్చింది కదండీ అని ఆవిడ అంటే, లోకపు చట్టాలెందుకమ్మా అంటాం. అదే చర్చి స్థలం ఎవరైనా ఆక్రమిస్తే మధ్యాహ్నానికల్లా లాయరు దగ్గరుంటాం.

మందుల సంగతి. బీపీ మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గదు, షుగరు మాత్రకూ తగ్గదు. నిద్ర కోసం, దిగులు కోసం మానసిక డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే మాత్రం వెంటనే సగానికి పడిపోతుంది. ఇది మా బ్రాంచి పరిశోధన. ఆడమ్సే శరీరంలో లోపం వల్ల వచ్చే జబ్బుకు డాక్టరు దగ్గరకు పంపమన్నాడని ఎవరో లేవనెత్తారు గానీ కూడికకు టైమైపోయింది. పౌలు వెంట లూకా అనే వైద్యుడు తిరిగేవాడు. తిమోతి కడుపు జబ్బుకు ఉపవాస ప్రార్థన పెట్టించకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలే రాశాడు. మెథడిస్టు మిషనరీ స్టాన్లీ జోన్స్ అయితే 1950లో లక్నోలో ఏకంగా ఒక మానసిక వైద్య కేంద్రాన్నే పెట్టించాడు, నూర్ మంజిల్ అని. మా దగ్గర ఆ మాటెత్తితే ముందు వినబడేది "ఎర్రగడ్డకు పంపుతారా?" అన్న నవ్వే. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. ఆ నంబరు మా నోటీసు బోర్డు మీద లేదు, కానుకల క్యూఆర్ కోడుకే చోటు సరిపోయింది.

ఇంగ్లండు బాప్టిస్టు ప్రసంగీకుడు స్పర్జన్ గారి ప్రసంగాలు చదవని పాస్టరు మన దగ్గర అరుదు. 1856లో లండన్‌లో ఆయన ప్రసంగిస్తుండగా ఎవరో మంటలని అరిస్తే తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పటికాయనకు 22 ఏళ్లు. ఆ తర్వాత కూడా బతికినంతకాలం దిగులు ఆయన్ని వదల్లేదు, ఆ సంగతి ఆయనే సంఘం ముందు చెప్పుకున్నాడు. మా వెనక గదికి వచ్చి ఉంటే నలభై రోజుల ఉపవాసానికి కూర్చోబెట్టి ఉండేవాళ్లం.

ఏలీయా ప్రవక్త వచ్చినా అంతే. యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. ముందురోజుల్లో కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దింపినవాడు! విశ్వాసి ఇలా మాట్లాడొచ్చా అని గద్దించడానికి ఇంతకంటే సందర్భం దొరకదు. పరలోకం నుంచి వచ్చిన దూతకు ఏ శిక్షణా లేదు కాబోలు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి పెట్టి, లేచి భోజనం చెయ్యి అన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు. రెండోసారి తట్టి లేపి మళ్లీ భోజనమే, నీ శక్తికి మించిన ప్రయాణముంది అని. వచనం లేదు, మూడు పాయింట్ల ప్రసంగం లేదు.

మా నాయనమ్మ మిషన్ కాలంలో ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్. చావు జరిగిన ఇంటికి వెళ్తే అరుగు మీద కూర్చుని, వాళ్ల చేట అందుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. పొయ్యి వెలిగే దాకా ఏరేది. పెద్దక్షరాల బైబిలు సంచిలోనే ఉండేది, ఎప్పుడు తీసేదో నేను చూడలేదు. ఆమెకు సర్టిఫికెట్టు లేదు, చదువు నాలుగో తరగతి.

చేబదులాయన గట్టు మీదికి వెళ్లిన సంగతి తెలిశాక నాకూ నిద్ర పట్టలేదు. మూడో రోజు రాత్రి క్యారేజీలో అన్నం, పులుసు పెట్టించుకుని చెరువు దగ్గరకు వెళ్లాను. తమ్ముడు షెడ్డు ముందు నులకమంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, కాస్త జరిగాడు. కూర్చున్నాను. ఏడు రోజులు కాకపోయినా తెల్లారేదాకా నోరు విప్పకూడదని తీర్మానం చేసుకున్నాను.

ఏరియేటర్లు తిరుగుతున్నాయి. నీళ్ల మీద లైటు ముక్కలు ముక్కలవుతోంది. అతను క్యారేజీ విప్పి రెండు ముద్దలు తిన్నాడు. పదకొండో నిమిషానికి నా నోరు దానంతటదే తెరుచుకుని, కీర్తనల్లోంచి ఒకటి ఎత్తుకుంది.

"ఏంటన్నయ్యా? ఏరియేటర్ల మోతలో వినపడలేదు" అన్నాడు.

"ఏం లేదులే, తిను" అన్నాను.