టైమర్ లోపానికి నంబరైనా ఇవ్వండి

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే కోడ్, రాసేవాళ్లం దేన్నీ ఊరికే నమ్మం. యూజర్ ఇచ్చిన పాయింటర్‌ని నమ్మం, బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ని నమ్మం. టైమర్ రిజిస్టర్‌లో, అంటే చిప్‌లో టిక్కులు లెక్కపెట్టే కౌంటర్ విలువ చూపే చోట, కనిపించిన అంకెను మాత్రం కళ్లు మూసుకుని నమ్మేస్తాం.

నేనూ అలాగే నమ్మి వారం పోగొట్టుకున్నాను. ఒక బోర్డు మీద నా డ్రైవర్ రోజుకు ఒకటి రెండుసార్లు, కమాండ్ పంపీ పంపగానే, టైమౌట్ అయిందనేది, అంటే జవాబుకిచ్చిన గడువు దాటిందని. కేబుల్ మార్చాం, డివైస్ మార్చాం, లాకింగ్ కోడ్ అంతా తిరగేశాను. చివరికి చూస్తే కౌంటరే ఒక్క క్షణం వెనక్కి వెళ్తోంది. ఇప్పటి విలువలోంచి కమాండ్ పంపినప్పటి విలువ తీసేస్తే మైనస్ రావాలి. అన్‌సైన్డ్ లెక్కలో మైనస్ ఉండదు కాబట్టి కొండంత సంఖ్య వస్తుంది. గడువు ఎప్పుడో దాటిందని డ్రైవర్ అనుకుంటుంది.

ఇదే జబ్బు ఆల్‌విన్నర్ కంపెనీ ఏ64 చిప్‌లో ఇంకా గట్టిగా బయటపడింది. పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోన్‌లో ఉన్నది ఆ చిప్పే. లైనక్స్ నడుస్తుండగా తేదీ ఉన్నట్టుండి 95 ఏళ్లు ముందుకు దూకేది. 24 మెగాహెర్ట్జ్ కౌంటర్ 2 ఘాతం 56 టిక్కులు లెక్కపెట్టడానికి పట్టే కాలమే ఆ 95 ఏళ్లు. నిజానికి కౌంటర్ కాస్త వెనక్కి జరిగిందంతే, కెర్నల్ మాత్రం ఒక చుట్టు పూర్తయిందనుకుంది. పై బిట్ మారే వేళ కింది బిట్లు కుదురుగా ఉండవు. హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా రాసే) అంకెల్లో 7ఎఫ్‌ఎఫ్ నుంచి 800కి వెళ్తూ మధ్యలో 000 అనో ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ అనో చూపిస్తాయి. 2019లో 5.1 కెర్నల్‌లో దీనికి మందు వచ్చింది: కింది బిట్లన్నీ సున్నాలో ఒకట్లో అయితే ఆ విలువ పారేసి మళ్లీ చదవడం, గరిష్ఠంగా 150 సార్లు. ఆ 150 కూడా నోటికొచ్చిన అంకె కాదు. 3 టిక్కుల్లో సీపీయూకి దొరికే సైకిళ్లను బట్టి పెట్టిన హద్దు అది, కారణం పక్కనే కామెంట్‌లో ఉంది. పని అంటే అలా చేయాలి.

అసలు నన్ను బాధపెట్టేది ఆ లోపం పేరు. ఆర్మ్ వాళ్ల కార్టెక్స్-ఏ73 ప్రాసెసర్ టైమర్ లోపానికి 858921 అని నంబరుంది. ఫ్రీస్కేల్ చిప్‌ల టైమర్ లోపానికి ఏ-008585. ఏ64 లోపానికి కెర్నల్‌లో ఉన్న పేరు ‘అన్‌నోన్1’, అంటే ‘తెలియనిది 1’! చిప్‌లో లోపాలుండటం తప్పని నేననను. కానీ లోపం ఉందని కాగితం మీద పెట్టకపోతే, ఎక్కడెక్కడి ఇంజినీర్లో ఒకే గోతిలో విడివిడిగా పడాలి.

డ్రైవర్లు రాసే మనవాళ్లతోనూ నాకు గొడవే. టైమౌట్ వస్తోందని డ్రైవర్‌లో గడువు పదింతలు పెంచేసి చేతులు దులుపుకోవడం చాలాచోట్ల చూశాను. కౌంటర్ వెనక్కి వెళ్తే పదింతలైనా వందింతలైనా ఆగదు. కౌంటర్ చదివే చోటే సరిచేయాలి. కెర్నల్‌ని అడక్కుండా యూజర్ ప్రోగ్రాములు నేరుగా చదివే దారీ మూయాలి, లేకపోతే సగం రోగం అలాగే ఉంటుంది.

మా ప్యాచ్‌లో (సవరణ కోడ్‌లో) నేను చూసిన తప్పుడు విలువలు, ఎన్ని గంటలకోసారి వచ్చాయో, ఏ ఫ్రీక్వెన్సీలో వచ్చాయో అన్నీ కామెంట్‌లో రాశాను. చిప్ చేసినవాళ్లకు రెండుసార్లు మెయిల్ పెట్టాను. లోపం నంబరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.