మహారాజశ్రీ లాన్ గారికి

మహారాజశ్రీ మా పెరటి లాన్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇక్కడ నా నడుమూ కుశలం కాదు, అక్కడ తమరి గడ్డీ కుశలం కాదు. పాచి ఒక్కటే సుఖంగా ఉంది.

కడియం నర్సరీ నుంచి తమరిని పలకలు పలకలుగా ఆటోలో దించుకున్న రోజు గుర్తుందా? "కొరియన్ కార్పెట్ అండీ, పరుపులా ఉంటుందండి" అన్నారు. అబద్ధం ఆడలేదు. దూది ఉండకట్టిన పాత పరుపులాగే ఉన్నారు. ఇక్కడ మెరక, అక్కడ పల్లం. కుర్చీ వేస్తే మూడు కాళ్లే ఆనుతాయి. నాలుగో కాలికింద ఇటుక ముక్క పెట్టుకుని కాఫీ తాగుతున్నాను.

తప్పంతా తమరిదే అననులెండి. మా కోనసీమ బంకమట్టి ఎండల్లో బీటలు తీస్తుంది, వానల్లో ఉబ్బుతుంది. పైన కొబ్బరిచెట్ల నీడ. ఇది చాలదన్నట్టు పక్కింటి గేదె ఓ సాయంత్రం వచ్చి తమరిని రుచి చూసి వెళ్లింది. దాని గిట్టల గుంటల్లో నీళ్లు నిలిచాయి. కొన్నాళ్లకు చూస్తే ఒక్కో గుంట ఒక్కో పచ్చటి గిన్నె. వంగి చూశాను, పాచి. వెంట్రుకంత కాడలు, వాటి కొసన ఆవగింజలో సగం లేని బుడిపెలు. వేరన్నదే లేదు, గోటితో గీకితే పొరలా లేచొస్తుంది. వేర్లు లేకుండానే ఇలా పాతుకుపోవడం ఎలాగో కాస్త తమరి గడ్డికీ నేర్పించకూడదా?

ఎవరో చెబితే అన్నభేది, అదే ఆ ఇనుప లవణం, నీళ్లలో కలిపి చల్లాను. పాచి నల్లబడింది. గచ్చు మీద తుప్పు మరకలు పడ్డాయి. మా ఆవిడ ముఖం ఎర్రబడింది. నల్లబడ్డదంతా గీరి పారేశాక కొన్నాళ్లు బోడినేల, ఆ తర్వాత వాన, ఆ తర్వాత మళ్లీ పాచి. నీడా చెమ్మా అలాగే ఉంటే అది మాత్రం ఎక్కడికి పోతుంది పాపం! సరే, గట్టిపడ్డ నేలలో నీళ్లు దిగాలని పలుగుతో జానెడుకో పోటు పొడిచి, ఇసుక కూరుతూ కూర్చున్నాను. ఎదురింటి బాబాయి గోడ మీంచి తొంగిచూసి, "ఏరా అబ్బాయ్, దమ్ము అయిపోయిందా? ఊడ్పులెప్పుడు?" అన్నాడు.

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలెట్టి, 1852కల్లా పూర్తిచేసి ఈ నేలకి నీళ్లు తెచ్చిపెట్టాడు. ఆయన ఫొటో పెట్టుకుని దండం పెట్టుకునే ఊళ్లో, ఆ నీళ్లని బయటికి పంపడానికి బోదె తవ్వుతున్నవాణ్ని నేనొక్కణ్నే.

ఇన్నీ ఓర్చుకున్నాను. మొన్న వినాయక చవితి పొద్దున్న మా ఆవిడ, "పత్రిలో గరిక తక్కువైంది, పెరట్లోంచి నాలుగు పోచలు తీసుకురండి" అంది. ఎక్కణ్నుంచి తేను? తమరి అందం చెడుతోందని, మొలిచిన గరికనల్లా కూర్చుని పీకింది నేనే కదా! పంచె ఎగ్గట్టి కాలవగట్టుకి వెళ్లి కోసుకొస్తుంటే, మళ్లీ బాబాయే ఎదురయ్యాడు. చేతిలో గరిక చూశాడు, నా ముఖం చూశాడు.

"అదేంట్రా, ఇంట్లో అంత గడ్డి కొనిపెట్టుకుని?"

ఇట్లు,
తమరి పాలేరు