సంతకం ఒక ఊళ్లో, రోగి ఇంకో ఊళ్లో

పశ్చిమ టెక్సస్‌లోని చిన్న పట్టణంలో ఉన్న ఒక్క డాక్టరూ రిటైరైతే ఏమవుతుందో అక్కడ ఉంటున్న మనవాళ్లకు తెలుసు. పిల్లవాడి జ్వరానికీ, తాతగారి షుగర్‌కీ గంటల తరబడి కారులో వెళ్లాలి. ఆ లోటు తీర్చగలిగేది ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్, అంటే పైచదువు చదివి రోగులను తనే చూసే నర్సు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి, మొదట పిల్లల వైద్యం కోసం మొదలుపెట్టిన చదువులోంచి వచ్చింది అది. రోగం గుర్తించడం, పరీక్షలు రాయడం, మందులివ్వడం అన్నీ అందులో నేర్పుతారు.

అయినా టెక్సస్‌లో ఆమె మందుచీటీ రాయాలంటే ఒక డాక్టరుతో ఒప్పందం ఉండాలి. ఆ డాక్టరు అదే ఊళ్లో ఉండాలని మాత్రం చట్టం అడగదు! ఎక్కడో నగరంలో కూర్చుని ఒప్పందంపై సంతకం చేస్తే చాలు. ఆయన తప్పుకుంటే, మరొకరు దొరికేదాకా ఆమె కలం ఆగిపోతుంది. సరిహద్దు దాటి న్యూ మెక్సికోకు వెళ్తే అదే చదువుకు ఈ ఒప్పందం అక్కర్లేదు. రాష్ట్రం మారితే రోగి శరీరం మారుతుందా?

డాక్టర్ల శిక్షణ చాలా ఎక్కువ అన్న వాదన నిజమే. కానీ ఆ ఊళ్లో పోలిక డాక్టరుకీ నర్సుకీ మధ్య కాదు, నర్సుకీ తాళం వేసిన క్లినిక్‌కీ మధ్య.

నన్ను ఎక్కువగా బాధించేది మన పల్లెల సంగతి. ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి కూర్చుంటుంది. ఇచ్చిన జాబితా దాటి ఆమె మందివ్వకూడదు. నాలుగిళ్ల అవతల ఏ డిగ్రీ లేని ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ సూది వేస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు. అతన్ని అడిగేవారు లేరు. చదువుకున్నామెకు గీత గీశాం, చదువుకోనివాడికి ఊరప్పగించాం. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ ప్రాథమిక వైద్యంలో పరిమిత లైసెన్సుకు దారి చూపితే, దొంగ వైద్యాన్ని చట్టబద్ధం చేస్తున్నారంటూ డాక్టర్లు సమ్మెకు దిగారు. పల్లెలో దొంగ వైద్యం ఎవరి చేతిలో ఉందో వారికి తెలియదా?

మన నర్సులు అమెరికా వెళ్లి, పైచదువు చదివి, అక్కడి పల్లెల్లో మందుచీటీలు రాస్తున్నారు. ఇక్కడ వారి తోటివారికి కనీసం బీపీ, షుగర్ మందుల మోతాదు మార్చే అధికారాన్నైనా, తగిన శిక్షణ ఇచ్చి, ఆ 32వ సెక్షన్ కిందే అప్పగించాలి.