ఒకరికి జరిమానా, ఒకరికి వేలంపాట

అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లను ఎవరు ఆదుకున్నారంటే ముందు వినిపించేది క్వేకర్లనే చిన్న క్రైస్తవ శాఖ పేరే. అది ఊరికే వచ్చిన పేరు కాదు. బానిసల్ని ఉంచుకునేవాళ్లను సభ్యత్వం నుంచి తొలగించాలని ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సభ 1776లోనే నిర్ణయించింది. కానీ ఆ కీర్తి పంపకంలో అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. డెలవేర్ రాష్ట్రంలో జరిగిన ఒక ఉదంతం చూస్తే ఇది అర్థమవుతుంది.

1845 డిసెంబరులో శామ్యూల్ హాకిన్స్, ఆయన భార్య ఎమిలీన్, ఆరుగురు పిల్లలు మేరీలాండ్ నుంచి మంచులో పారిపోయి, మిడిల్‌టౌన్ దగ్గర జాన్ హన్ అనే యువ క్వేకర్ పొలానికి చేరారు. శామ్యూల్ స్వతంత్రుడే. భార్యాబిడ్డలు మాత్రం చట్టం లెక్కలో వేరేవాళ్ల ఆస్తి. వాళ్లకు దారి చూపించింది శామ్యూల్ బరిస్. ఆయన నల్లజాతివాడు, ఎవరికీ బానిస కాదు. ఆ కుటుంబాన్ని పట్టుకుని న్యూకాసిల్ జైల్లో పెడితే, విల్మింగ్టన్‌లో ఇనుము వ్యాపారం చేసే క్వేకర్ థామస్ గారెట్ రంగంలోకి దిగారు. నిర్బంధ పత్రాలు చెల్లవని న్యాయమూర్తి విడుదల చేయగానే, బండి మాట్లాడి వాళ్లను బానిసత్వం లేని పెన్సిల్వేనియా వైపు పంపేశారు.

యజమానులు ఊరుకోలేదు. 1848లో హన్, గారెట్‌ల మీద దావా విచారణకు వచ్చింది. విన్న న్యాయమూర్తుల్లో ఒకరు రోజర్ టానీ. నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో తీర్పు రాసింది ఈయనే. ఇద్దరికీ భారీ జరిమానాలు పడ్డాయి. హన్ పొలం పోయింది. అరవైకి దగ్గరపడిన గారెట్ తన పని ఆపలేదు. ఆయన సొంత లెక్క ప్రకారం దాదాపు 2,700 మందిని దాటించారు.

మరి బరిస్? 1847లో ఇంకో మహిళను తప్పిస్తూ దొరికిపోయారు. స్వతంత్రుడైన నల్లజాతి మనిషి ఈ పని చేస్తే డెలవేర్ చట్టం వేసే శిక్ష వేరు. జైల్లో ఉంచి, ఆ తర్వాత డోవర్‌లో ఆయన్నే వేలానికి పెట్టారు. కొనడానికి వచ్చినవాళ్లు పశువును చూసినట్టు ఒళ్లంతా తడిమి చూశారు. వాళ్లలో వ్యాపారిలా కలిసిపోయిన ఐజాక్ ఫ్లింట్ కూడా అలాగే తడిమి, పాట పాడి, కొన్నాక చెవిలో చెప్పారు: ఈ డబ్బు బానిసత్వ వ్యతిరేకులదని. అప్పటిదాకా బరిస్‌కు ఆ సంగతి తెలియదు. ఆ గడియలు ఆయన ఎలా భరించారో ఊహించడం కూడా నాకు కష్టంగానే ఉంది.

పని ఒక్కటే. ఒకరు ఆస్తిని పణంగా పెట్టారు, ఒకరు ఒంటినే పెట్టారు. గారెట్ చేసింది చిన్నదని నేననను. ఆయన చేసిన పనికి మొత్తం క్వేకర్ సమాజాన్ని మెచ్చుకోవడంతోనే నా పేచీ. ఎందుకంటే ఇండియానాలో లెవీ కాఫిన్ లాంటి క్వేకర్లు బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో తిరుగుతున్నారని 1842లో అక్కడి వార్షిక సభే వాళ్లను బాధ్యతల నుంచి తప్పించింది. మరుసటేడు వాళ్లు వేరు కుంపటి పెట్టుకోవాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియాలో నల్లజాతి ఉపాధ్యాయురాలు సారా మాప్స్ డగ్లస్, ఆమె తల్లి క్వేకర్ల ప్రార్థనకు వెళితే, నల్లవాళ్లకు విడిగా వేసిన బెంచీ మీదే కూర్చోవాలి. బానిసత్వం తప్పని నమ్మినవాళ్లందరూ నల్లవాళ్లను పక్కన కూర్చోనివ్వలేదు.

2015లో డెలవేర్ గవర్నర్ బరిస్‌కు మరణానంతరం క్షమాభిక్ష ప్రకటించారు. హన్, గారెట్‌లకు ఆ అవసరం రాలేదు. వాళ్ల మీద నడిచింది సివిల్ దావా. బరిస్ ఒక్కరే 168 ఏళ్లపాటు రికార్డుల్లో నేరస్థుడిగా ఉండిపోయారు.