భయం ఎప్పుడూ ఒకటేనా?
హారర్ సినిమాల్లో మారింది గ్రాఫిక్సే, భయం ఎప్పుడూ ఒకటే అని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఏ కాలం భయం ఆ కాలం సినిమాలోకి వస్తుంది.

1954లో జపాన్‌లో ‘గాడ్జిల్లా’ సినిమా వచ్చింది. అదే ఏడాది మార్చిలో పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేలిస్తే, ఆ బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. సినిమా కూడా సముద్రంలో వెలుగు మెరిసి, ఓడ తగలబడటంతోనే మొదలవుతుంది. అప్పటి ప్రేక్షకులకు అది ఉత్త రాక్షస బల్లి కథలా కనిపించి ఉంటుందా?

1998 నాటి జపాన్ సినిమా ‘రింగు’లో శాపం వీడియో క్యాసెట్‌లో ఉంటుంది. బతకాలంటే కాపీ తీసి ఇంకొకరికి చూపించాలి. (పదిమందికి ఫార్వర్డ్ చేయకపోతే కీడు జరుగుతుందనే మెసేజ్‌లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.)

ఇక 2020 లాక్‌డౌన్‌లో తీసిన బ్రిటిష్ సినిమా ‘హోస్ట్’ దాదాపు అంతా కొందరు స్నేహితుల జూమ్ కాల్‌లోనే నడుస్తుంది. గంట కూడా ఉండదు. దర్శకుడు దూరం నుంచే నడిపించాడు, కెమెరాలు నటులే పెట్టుకున్నారు. స్నేహితురాలికి ఏదో అవుతుంటే మిగతావాళ్లు తెర మీద చూస్తూ అరుస్తారు, అంతే. ఆ టెన్షన్ 2010లో ఇంతలా తగిలేది కాదు.