షిరో గిన్నె ఏ శాఖ కిందికొస్తుంది?

2008లో కేంద్ర సమాచార ప్రసార శాఖ జపాన్ కార్టూన్ షిన్‌చాన్‌ను టీవీలోంచి దింపేసింది. అయిదేళ్ళ కుర్రాడు నిక్కరు జార్చి చిందులేస్తుంటే మా పిల్లలూ అదే నేర్చుకుంటున్నారని, కన్నతల్లికి ఎదురు సమాధానాలు చెబుతున్నారని తల్లిదండ్రులు మొరపెట్టుకున్నారు. కొన్నాళ్ళకు కత్తిరింపులతో వాడు తిరిగొచ్చాడు. ఇప్పుడు మన ఇళ్ళలో వాడు తెలుగులో వాగుతుంటే తప్ప పిల్లలు ముద్ద మింగడం లేదు. అదంతా అలా ఉంచండి. అంత గొడవలోనూ ‘ఆ ఇంట్లో కుక్కకు అన్నం పెట్టరేమిటి?’ అని ఒక్కరు అడిగినట్టు నేను వినలేదు. దేశానికి పిరుదులు కనిపించాయి. ఖాళీ గిన్నె కనిపించలేదు.

కేసు పూర్వాపరాలు తెలియని పెద్దల కోసం నాలుగు ముక్కలు. టోక్యోకు ఉత్తరాన సైతామా ప్రాంతంలో కసుకాబే అనే ఊరుంది. అక్కడ నొహారా వారి సంసారం. కొడుకు షిన్నోసుకే, అంటే మన షిన్‌చాన్, ఎవరో అట్టపెట్టెలో వదిలేసి పోయిన తెల్ల కుక్కపిల్లను ఇంటికి తెచ్చాడు. అదే షిరో. తిండి నేనే పెడతా, షికారుకు నేనే తిప్పుతా అని తల్లి మిసాయేకు మాటిచ్చాడు. ఇలాంటి మాటలు మనమూ అయిదేళ్ళకోసారి వింటుంటాం కాబట్టి వాటి విలువ మనకు తెలుసు. షిరోకు తెలియదు. అది ఇప్పటికీ నమ్ముతోంది.

ఉసుయి యోషితో ఈ బొమ్మల కథను 1990లో మొదలుపెట్టాడు. 1992 ఏప్రిల్‌లో టీవీకెక్కింది. అంటే షిరోది మూడు దశాబ్దాలు దాటిన సర్వీసు. పెరట్లో ఒక గూడే క్వార్టర్సు. ఆర్డరు కాగితం లేదు, ఆదివారం లేదు, పింఛను ఊసే లేదు. ఇల్లు కాపలా కాయాలి, ఇంట్లో పసిపిల్ల, చిన్న యజమాని చెల్లెలు హిమవారి జుట్టు పీకితే ఓర్చుకోవాలి, చిన్న యజమాని దారితప్పితే వెనకాలే పరిగెత్తాలి. ఇన్నేళ్ళలో సంస్థ ఇచ్చిన శిక్షణ ఒకే ఒక్కటి. షిన్‌చాన్ ‘పీచుమిఠాయి!’ అని అరవగానే ఒళ్ళంతా గుండ్రంగా ముడుచుకుని పీచుమిఠాయిలా కనిపించాలి. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వాను, తర్వాత ఆలోచించాను. తినడానికి పెట్టనివాళ్ళు, తినే వస్తువులా నటించమంటున్నారు! కార్మిక చట్టాల్లో దీనికి సెక్షను దొరుకుతుందో లేదో వకీళ్ళు చెప్పాలి.

ఆ ఇంట్లో పెద్దమనిషి ఎవరయ్యా అంటే నిస్సందేహంగా షిరోయే. వీధి మొత్తంలో దానికి సాటి రాగలవాడు చిన్న యజమాని స్నేహితుడు కజామా ఒక్కడు. ట్యూషన్లకు వెళ్ళి, గొప్పవాణ్ణవుతానని అయిదేళ్ళకే దిగులు పడే పిల్లాడు. జపాన్‌లో ఈ ఇద్దరికీ గొంతిచ్చింది ఒకరే, మషిబా మరి అనే నటి. కథలో బుద్ధిగా ఉన్నవాళ్ళు ఇద్దరే కావడంతో నిర్మాతకు ఒక గొంతు ఖర్చు మిగిలింది.

నొహారా పక్షాన వాదించేవాళ్ళు లేకపోలేదు. ఆ ఇంట్లో కాలమే కదలదు కదా, ఆకలెలా లెక్కపెడతారు అంటారు. నిజమే, తండ్రి హిరోషి ఇంటి అప్పు ఎప్పుడు చూసినా ఇంకా 32 ఏళ్ళుంటుంది. 1996లో పుట్టిన హిమవారి ఇంకా పాకుతూనే ఉంది. కానీ అదే కదలని కాలంలో హిరోషికి సాయంత్రం బీరు మాత్రం కదిలి వస్తుందే! షిన్‌చాన్ చోకోబీ చిరుతిండి పెట్టెలు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతాయే! కాలం ఆగిపోవడమన్నది ఎప్పుడూ పెరటి వైపే జరుగుతుందన్నమాట.

అదే జపాన్‌లో హచికో అనే కుక్కకు ఏం జరిగిందో చూడండి. 1925లో యజమాని అయిన ప్రొఫెసరు చనిపోయినా, దాదాపు పదేళ్ళు షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసింది. 1934లో, అది బతికుండగానే, కంచు విగ్రహం పెట్టారు. పోయిన మనిషి రైలు దిగుతాడని చూస్తే విగ్రహం. బతికున్న మనిషి వంటింట్లోంచి గిన్నె పట్టుకొస్తాడని చూస్తే కామెడీ. హచికోకు స్టేషన్‌లో దారినపోయేవాళ్ళయినా ఏదో ఒకటి పెట్టేవారు.

మనవాళ్ళు ఈ విషయంలో కొంత నయం, కనీసం పురాణాల వరకు. నన్నయ భారతంలో కథ ఇంకా ఊపందుకోకముందే ఒక కుక్క ఫిర్యాదుతో రాజసభకు వస్తుంది. జనమేజయుడి తమ్ముళ్ళు తన బిడ్డను ఊరికే కొట్టారని సరమ అనే దేవతల కుక్క నిండు కొలువులో నిలదీస్తుంది. తగునా తగదా అని చూడకుండా సాధువులనూ పేదలనూ బాధపెట్టేవాళ్ళకు కారణం లేని భయాలు చుట్టుకుంటాయని చెప్పి మరీ పోతుంది. చక్రవర్తి ‘కుక్క మాటేమిటి’ అనలేదు. హడలిపోయి, శాంతి చేయించే పురోహితుడి కోసం ఆశ్రమాలన్నీ తిరిగాడు. షిరో తరఫున అడగడానికి ఒక సరమ లేదు. దాని తల్లి ఏ వీధిలో ఉందో ఆ అట్టపెట్టెకే తెలియాలి.

షిన్‌చాన్‌కు ప్రేమ లేదని నేననను. 2007 సినిమాలో గ్రహాంతరాల బాంబు ఒకటి షిరోకు అంటుకుపోతుంది. భూమిని కాపాడాలంటే బాంబుతో పాటు కుక్కనూ రాకెట్లో పంపాలని పెద్దలు తీర్మానిస్తారు. షిన్‌చాన్ ఒప్పుకోడు. కుక్కను తీసుకుని ఇంట్లోంచి పారిపోతాడు. అక్కడ నాకూ కళ్ళు చెమర్చాయి. కాకపోతే ప్రతి పూటా బాంబు అంటుకోదు కదా, ఆకలి ప్రతి పూటా వేస్తుంది.

ఈ ప్రాణత్యాగపు ప్రేమకు గిరాకీ ఎక్కువ. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని వార్షికోత్సవంలో గద్గదమయ్యే మేనేజరు కూడా ఆ కోవలోవాడే. ఇంక్రిమెంటు అడిగితే మైకు ఆఫ్ చేస్తాడు. కుక్కల విశ్వాసం మీద ఉదయాన్నే సందేశాలు పంపే మా అపార్టుమెంటు పెద్దాయన, సొంత కుక్కను మిట్టమధ్యాహ్నం బాల్కనీలో కట్టేసి ఏసీ గదిలో కునుకు తీస్తాడు. విశ్వాసాన్ని ఇంతగా పొగిడేది ఎప్పుడూ తీసుకునేవాళ్ళే. ఇచ్చేవాళ్ళు పొగడగా నేను చూడలేదు, వాళ్ళకు తీరిక ఉండదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. సినిమాలో ఎవడైనా సిగరెట్ ముట్టిస్తే తెర మూల హెచ్చరిక వేయిస్తున్నారు. ఎద్దు కనిపిస్తే జంతువులకు హాని జరగలేదని ముందే ప్రమాణం చేయిస్తున్నారు. అలాగే షిరో గిన్నె ఖాళీగా కనిపించిన ప్రతిసారీ ‘పెంచుకున్న జీవిని పస్తుంచడం నేరం’ అని అచ్చ తెలుగులో ఒక లైను పరిగెత్తించాలి. వీలైతే పక్కనే నాలుగు బిస్కెట్ల బొమ్మ కూడా గీయించాలి.

జపాన్ ప్రభుత్వానికి కూడా అర్జీ పెట్టాలనే అనుకున్నాను. కానీ అక్కడ 1950 నాటి రేబిస్ నివారణ చట్టం ప్రకారం కుక్కను నగరపాలక సంస్థలో నమోదు చేయించాల్సింది యజమానే. ఏటా టీకా వేయించాల్సిందీ అతనే. ఆ లెక్కన అర్జీ మీద సంతకం షిన్‌చాన్‌ది కావాలి. అడిగితే, టీవీలో తన అభిమాన వీరుడు యాక్షన్ కామెన్ అయిపోయాక పెడతానన్నాడు.