80 రూపాయల భోజనం, ఇవ్వని బిల్లు

మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో అమ్మే మామూలు శాకాహార భోజనంలో ఏమేమి ఉండాలో రైల్వే శాఖ గ్రాములతో సహా నిర్ణయించింది. అన్నం 150 గ్రాములు, పప్పు లేదా సాంబారు 150, కూర 100, రెండు పరాఠాలు లేదా నాలుగు రొట్టెలు కలిపి 100, పెరుగు 80, ఊరగాయ పొట్లం 12 గ్రాములు. ధర పన్నుతో కలిపి రైల్లో 80 రూపాయలు, స్టేషన్ స్టాళ్లలో 70. కోడిగుడ్డు కూరతో అయితే రైల్లో 90, కోడికూరతో 130. లీటరు రైల్ నీర్ సీసా 2025 సెప్టెంబరు నుంచి 14 రూపాయలు. ఇందులో రహస్యమేమీ లేదు. అయినా నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో రైలు కోసం ఎదురుచూస్తున్న వాళ్లను అడిగి చూడండి. నేను అడిగాను. ఎక్కువమంది చెప్పిన జవాబు ఒక్కటే: "ఎంత అడిగితే అంత ఇచ్చేస్తాం."

కిందటి ఎండాకాలం దక్షిణాది నుంచి తిరిగి వస్తున్నప్పుడు నా ఎదుటి సీట్లలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన వృద్ధ దంపతులు కూర్చున్నారు. రాత్రి భోజనం పళ్లేలు పట్టుకుని వచ్చిన కుర్రవాడు ఒక్కో దానికి 120 రూపాయలు అడిగాడు. వాళ్లు మారుమాట లేకుండా ఇచ్చారు. పళ్లెంలో పెరుగు లేదు. పప్పు అడుగున గింజలు వెతుక్కోవాలి. నా వంతు వచ్చినప్పుడు బిల్లు అడిగాను. మిషన్‌లో చార్జింగ్ లేదన్నాడు. ధర 80 కదా అంటే, కాసేపు నా ముఖం చూసి, నా దగ్గర 80 మాత్రమే తీసుకున్నాడు. పెద్దవాళ్ల దగ్గర ఎక్కువగా తీసుకున్న డబ్బు గురించి అడిగితే వినిపించుకోకుండా పక్క బోగీలోకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఒంటిగంట దాటాక మంచినీళ్ల కోసం అటు వెళితే, అదే కుర్రవాడు ప్యాంట్రీ కార్ (రైల్లో వంట బోగీ) తలుపు దగ్గర అట్టపెట్టెలు పరుచుకుని, చెప్పులు తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. అతని మీద నాకున్న కోపం అక్కడ నిలవలేదు. అసలు కోపం ఎవరి మీద ఉండాలో అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

నాకు తోచిన కారణం ఇది. రైల్లో అమ్మేవాడు కొన్నవాడి ముఖం మళ్లీ చూడడు. మన ఊరి మిర్చిబజ్జీల బండి మంచిగా నడుస్తోందంటే, అక్కడ నిన్న తిన్నవాళ్లు ఇవాళ కూడా వస్తున్నారని అర్థం. నూనె మాడితే మూడో రోజుకు బండి దగ్గర ఎవరూ ఉండరు. రైల్లో ఆ భయం లేదు. ఈ రోజు తిరుపతి నుంచి వస్తున్న మనిషి మళ్లీ ఆ రైలెక్కేది ఏడాదికో, రెండేళ్లకో. అప్పటికి వంటవాడూ మారిపోతాడు, కాంట్రాక్టరూ మారిపోవచ్చు. పైగా కదులుతున్న రైల్లో ఇంకో హోటల్ ఉండదు. విజయవాడ హైవే మీద ఆర్టీసీ బస్సు ఆపిన చోట కూడా మనకు నచ్చినది దొరకదు, నిజమే. కానీ నార్కట్‌పల్లిలో బస్సు దిగితే కనీసం పక్క దుకాణంలో రెండు అరటిపళ్లు కొనుక్కోవచ్చు. అలవాటుగా వచ్చే కొనుగోలుదారుడు లేని చోట, వేరే దుకాణం లేని చోట నాణ్యతను కాపాడగలిగేవి రెండే. ఒకటి బిల్లు, రెండోది తనిఖీ. మన రైళ్లలో ఆ రెండూ బలహీనంగా ఉన్నాయి.

కాంట్రాక్టు ఇచ్చే పద్ధతి ఈ బలహీనతను ఇంకా పెంచుతోంది. రైల్లో భోజనం పెట్టే హక్కు, ఎక్కువ లైసెన్సు ఫీజు కడతానన్నవారికి దక్కుతుంది. అంటే గెలిచేది బాగా వండేవాడు కాదు, ఎక్కువ చెల్లించేవాడు. అమ్మకం ధర మాత్రం ముందే ఖాయం. మామూలు రైళ్లలో 2019లో సవరించిన ధరలనే 2025లోనూ రైల్వే అధికారికంగా ప్రకటించింది. ఈ మధ్యకాలంలో కందిపప్పు, నూనె ధరలు ఎలా ఉన్నాయో ఇల్లు నడిపేవారందరికీ తెలుసు. ఫీజు పెద్దది, ధర కదలదు. అప్పుడు కాంట్రాక్టరు ఎక్కడ మిగుల్చుకుంటాడు? పప్పులో నీళ్లు పెంచుతాడు, పెరుగు ఎగ్గొడతాడు, పనివాళ్ల జీతం కోస్తాడు. అదీ చాలకపోతే 80 రూపాయల పళ్లేన్ని 120కి అమ్మిస్తాడు. అమ్మిన పళ్లేలను బట్టి కూలి వచ్చే కుర్రవాడు ఎక్కువ తీసుకోవడాన్ని తప్పుగా కాక, ఉద్యోగంలో భాగంగా చూడడం మొదలుపెడతాడు. 80 రూపాయలకు ఆ గ్రాములు ఇవ్వడం నిజంగా కుదరకపోతే, ఆ మాట బహిరంగంగా చెప్పి ధర పెంచాలి. నేనైతే వంద ఇవ్వడానికి సిద్ధం. కానీ చెప్పిన తూకం పళ్లెంలో ఉండాలి.

ఇది నా ఒక్కడి అనుభవం నుంచి చేసిన ఊహ కాదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017లో పార్లమెంటు ముందుంచిన నివేదిక కోసం 74 స్టేషన్లు, 80 రైళ్లు తనిఖీ చేశారు. రైళ్లలో బిల్లులు ఇవ్వడం లేదనీ, వడ్డించేవారి దగ్గర ధరల పట్టిక లేదనీ, నిర్ణయించిన తూకం కంటే తక్కువ ఇస్తున్నారనీ ఆ నివేదిక స్పష్టంగా రాసింది. కుళాయి నీళ్లను శుద్ధి చేయకుండానే పానీయాల్లో వాడుతున్నారనీ, రైళ్లలో ఎలుకలు, బొద్దింకలు కనిపించాయనీ చెప్పింది. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. కేటరింగ్ బాధ్యతను రైల్వేకే చెందిన ఐఆర్‌సీటీసీ అనే కంపెనీకీ జోనల్ రైల్వేలకూ మధ్య మాటిమాటికీ మార్చడం వల్ల నిర్వహణలో అనిశ్చితి ఏర్పడిందని తేల్చింది. 1999లో ఏర్పడిన ఐఆర్‌సీటీసీ చేతిలోంచి 2010 విధానం ఈ పనిని చాలావరకు తీసి జోన్లకు ఇచ్చింది. 2017 విధానం మళ్లీ ఐఆర్‌సీటీసీకే అప్పగించి, వండే పనినీ వడ్డించే పనినీ వేరుచేయాలని చెప్పింది. ఆలోచనగా చూస్తే అది మంచిదే. అయితే వంటశాలలో ఎంత శుభ్రంగా వండినా, పళ్లెం మీ చేతికి వచ్చేసరికి తూకం, ధర ఏమవుతున్నాయో చూసేవాడు బోగీలో లేడు.

నీళ్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నీటి విలువ నల్గొండ వాళ్లకు మరొకరు నేర్పనక్కరలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను మా జిల్లా తరాల పాటు చూసింది. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు 'నల్గొండ టెక్నిక్'. అలాంటి జిల్లా మీదుగా వెళ్లే రైల్లో టీ ఏ నీళ్లతో కాచారో తెలియకుండా తాగాల్సి రావడం నాకు చిన్న విషయంగా కనిపించదు. 2017 డిసెంబరులో సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒక రైలు మరుగుదొడ్డిలోంచి టీ డబ్బాలు బయటికి అందిస్తున్న వీడియో తర్వాతి వేసవిలో దేశమంతా చూసింది. కాంట్రాక్టరుకు లక్ష రూపాయల జరిమానా పడింది. ఆ వీడియో ఎవరో ఒక ప్రయాణికుడు తీశాడు కాబట్టి బయటికి వచ్చింది. తనిఖీ అధికారి పట్టుకున్నది కాదు.

ఇక మహబూబ్‌నగర్ వైపు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల రెండో లైను 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైంది. అదే ఏడాది సెప్టెంబరులో కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ మొదలై మహబూబ్‌నగర్‌లో ఆగుతోంది. టికెట్టుతో పాటు భోజనం కోరుకుంటే సీటు దగ్గరికే తెచ్చిస్తారు. అది మంచి మార్పే. కానీ ఈ జిల్లా నుంచి రైలెక్కేవారిలో వందేభారత్ ఎక్కలేనివాళ్లు చాలామంది. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు, భవనాలు కట్టారు. వాళ్లు వెళ్లేది జనరల్ బోగీలో. చాలా రైళ్లలో జనరల్ బోగీకీ పక్క బోగీకీ మధ్య దారి మూసి ఉంటుంది. ప్యాంట్రీ కుర్రవాడు అటు రాడు. వచ్చినా నిలబడడానికే చోటు లేని బోగీలో పళ్లెం ఎక్కడ పెడతారు? అందుకే వాళ్లు ఇంటి నుంచే జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పల్లీల పొడి మూట కట్టుకుంటారు. జొన్నరొట్టె ఎండినా నాలుగైదు రోజులు చెడదు. ఆ సద్దిమూటను మనం సంప్రదాయమని మురిసిపోతూ చెప్పుకుంటాం. రైల్లో నమ్మి తినగలిగిన తిండి అందుబాటు ధరలో లేదన్నది కూడా ఆ మూట వెనక ఉన్న నిజం.

ఫోనులో ఆర్డరు చేస్తే రాబోయే స్టేషన్‌లో భోజనం తెచ్చిచ్చే ఈ-కేటరింగ్ ఉంది కదా అని కొందరు అంటారు. ఉంది, నేనూ వాడతాను, ప్యాంట్రీ భోజనం కంటే చాలాసార్లు మెరుగే. కానీ దానికి రిజర్వేషన్ టికెట్టు మీద ఉండే పీఎన్ఆర్ నంబరు కావాలి. జనరల్ టికెట్టుకు పీఎన్ఆర్ ఉండదు. అంటే తిండి ఇబ్బంది ఎవరికి ఎక్కువో వాళ్లే ఈ సౌకర్యానికి బయట ఉన్నారు. వాళ్ల కోసమే 2023లో 20 రూపాయల భోజనం తెచ్చారు: ఏడు పూరీలు, బంగాళాదుంప కూర, ఊరగాయ. జనరల్ బోగీలు ఆగే చోటే ప్లాట్‌ఫాం మీద కౌంటరు పెట్టాలన్నారు. ఈ ఆలోచన నాకు నచ్చింది. కానీ కొన్ని ఎంపిక చేసిన స్టేషన్లలో, కాసేపు ఎక్కువ ఆగే రైళ్లకే అది పనికొస్తుంది. నల్గొండలో, మిర్యాలగూడలో, గద్వాలలో చాలా రైళ్లు ఆగేది ఒకటి రెండు నిమిషాలు. ఆ కాస్త సమయంలో గుంపును తోసుకుని దిగి, కొని, మళ్లీ ఎక్కగలిగేది ఎవరు? చంకలో పిల్లవాడున్న తల్లి దిగలేదు.

సాయంత్రం సికింద్రాబాద్‌లో బయలుదేరిన తిరుపతి రైలు నారాయణాద్రి రాత్రి భోజనం వేళకు మా జిల్లాలోనే ఉంటుంది. ఒకవైపు బత్తాయి తోటలు, ఇంకొంచెం ముందుకు వెళితే మిర్యాలగూడ. దేశం నలుమూలలకూ బియ్యం పంపే మిల్లులున్న పట్టణం. ఆ పట్టణం మీదుగా వెళుతున్న రైల్లో ఉండలు కట్టిన చల్లటి అన్నం తినాల్సి వస్తోంది. మహబూబ్‌నగర్ లైనులో షాద్‌నగర్ దాటితే బాలానగర్ వస్తుంది. సీతాఫలాల్లో ఒక రకానికి ఆ ఊరి పేరే ఉంది. చలికాలం ముందు బుట్టలతో రైలు దగ్గరికి వచ్చే ఆడవాళ్ల చేతి పండు ఎప్పుడూ పుచ్చినది కాదు. ఎందుకంటే ఆమె రేపూ అదే స్టేషన్‌కు రావాలి. కానీ అనుమతి లేకుండా రైల్లో అమ్మడం రైల్వే చట్టం 144వ సెక్షన్ ప్రకారం నేరం. జరిమానాతో పాటు జైలు కూడా పడవచ్చు. చట్టం ఎందుకుందో నాకు అర్థమవుతుంది. కల్తీ సరుకును, దొంగతనాలను ఆపడానికి ఒక కట్టుబాటు కావాలి. నా అభ్యంతరం వేరే. లైసెన్సు ఉన్నవాడు తూకం తగ్గిస్తే అది సర్దుకుపోవాల్సిన విషయమవుతోంది, లైసెన్సు లేని ఆమె మంచి పండు అమ్మితే నేరమవుతోంది.

2022 బడ్జెట్‌లో ప్రకటించిన 'ఒక స్టేషన్–ఒక ఉత్పత్తి' పథకం కింద స్థానికులకు నామమాత్రపు రుసుముకు స్టాలు ఇవ్వవచ్చని రైల్వేనే చూపించింది. ఆ దారిని తిండికి విస్తరిస్తే చాలు. గద్వాలలో, మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో మహిళా సంఘాలు జొన్నరొట్టె, కూర పొట్లాలు కట్టి, ధర, తూకం, కట్టిన సమయం తెలుగులో అచ్చువేసి అమ్మితే, అదే స్టేషన్‌కు రోజూ జవాబు చెప్పాల్సిన మనిషి దొరుకుతుంది. ఒకటి రెండు నిమిషాల హాల్టు సమస్యకూ ఇక్కడే దారి ఉంది. లైసెన్సు ఇచ్చిన అమ్మకందారును ఒక స్టేషన్‌లో ఎక్కించి తర్వాతి స్టేషన్‌లో దింపవచ్చు, జనరల్ బోగీలోనే. దీనికి కొత్త రైలు అక్కర్లేదు, కొత్త వంటశాల అక్కర్లేదు.

బిల్లు విషయంలో రైల్వే ఎప్పుడో మంచి మాట చెప్పింది. బిల్లు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వనక్కరలేదని 2018 నుంచి ప్రచారం చేస్తోంది. భోజనం పొట్లాల మీద క్యూఆర్ కోడ్ కూడా పెడుతున్నారు. అది చూస్తే ఏ వంటశాలలో, ఏ రోజు కట్టారో తెలియాలి. రైల్వే హెల్ప్‌లైన్ 139కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. నేనొకసారి చేశాను. అరగంటలో మేనేజరు వచ్చి, ఎక్కువగా తీసుకున్న డబ్బు తిరిగిచ్చి, ఫిర్యాదు మూసేయమని ప్రాధేయపడ్డాడు. మూసేశాను. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజు నా 40 రూపాయలు తిరిగొచ్చాయి కానీ ఆ బోగీలో మిగతా డెబ్బై మందివి రాలేదు. నేను మూసిన ఫిర్యాదు కాంట్రాక్టరు లెక్కలో పరిష్కారమైనదిగా చేరిపోయింది. ఒకే రైలు మీద ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తే, అవన్నీ విడివిడిగా మూతపడకుండా కలిపి లెక్కపెట్టాలి. ఆ లెక్క తర్వాతి టెండరులో లైసెన్సు ఫీజుతో సమానంగా చూడాలి. ఆ రైలు ప్రయాణికులకు కనిపించేలా బహిరంగపరచాలి. గ్రాములతో సహా ధరల పట్టిక ప్రతి బోగీ గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి, ఫోను చూడడం రానివారు కూడా చదువుకునేలా. వడ్డించే కుర్రవాళ్లకు అమ్మకాన్ని బట్టి కాక నెల జీతం ఉండాలి, పడుకోవడానికి బెర్తు ఉండాలి. అట్టపెట్టె మీద మూడు గంటలు నిద్రపోయినవాడు పొద్దున ఆరింటికి ఇడ్లీ పళ్లేలు ఎంత శుభ్రంగా అందిస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఆ ఎండాకాలం ప్రయాణంలో నల్గొండలో దిగేటప్పుడు ఆ దేవరకొండ పెద్దావిడకు సంచులు అందిస్తూ, పోయిన డబ్బు గురించి మళ్లీ అడగనందుకు నేనే సిగ్గుపడుతుంటే, "పోనీలే బిడ్డా, వచ్చే ఏడాది మొక్కుకు పోయేటప్పుడు రెండు పూటలకూ పులిహోర కట్టుకుని పోతాం" అంది ఆవిడ. ఆమెకు డెబ్బై దాటాయి. దేవరకొండ నుంచి నల్గొండకు బస్సులో వచ్చి రైలు అందుకోవాలంటే, ఆ పులిహోర కోసం ఆమె తెల్లవారుజామున మూడింటికే పొయ్యి వెలిగించాలి.